ప్రణాళికలో పిల్లల పేర్లు ఎక్కడ?

నేను టీచరుగా చేరి ఇరవై రెండేళ్లయింది. అందులో పన్నెండేళ్లు ప్రైమరీ స్కూలు హెడ్మిస్ట్రెస్‌గానే గడిచాయి. ఈ పన్నెండేళ్లలో నాలుగు పాఠశాల అభివృద్ధి ప్రణాళికలు రాశాను. మా టీచర్లందరం ఎస్‌డీపీ అంటాం. మొన్న సెలవుల్లో ఆఫీసు బీరువా సర్దుతుంటే ఆ నాలుగూ ఒకే ఫైల్లో దొరికాయి. కూర్చుని చివరిదాకా చదివాను. ప్రహరీ గోడ గురించి ఉంది. మరుగుదొడ్లకు నీళ్ల కనెక్షన్ గురించి మూడుసార్లు ఉంది. వంటగది రేకులు, బెంచీలు, బీరువా, ఆటవస్తువులు ఉన్నాయి. నాలుగింటిలో ఎక్కడా ఒక్క పిల్ల పేరు లేదు. మా పిల్లల్లో ఎంతమందికి చదవడం వచ్చో, ఎంతమందికి రాదో చెప్పే ఒక్క వాక్యం కూడా లేదు.

ఆ నాలుగూ రాసింది నేనే. కాబట్టి ఈ వ్యాసంలో ఎవరి మీదైనా ఫిర్యాదు చేస్తే అందులో మొదటి భాగం నాదే. ఈ ఏడాది ఐదోది రాయాలి. అది రాసేముందు, బళ్లలో మనం చేసే ప్రణాళికలు, మూల్యాంకనాలు ఎందుకు పనికిరాకుండా పోతున్నాయో నాకు అర్థమైనంత వరకు రాసి పెట్టుకోవాలనిపించింది.

చట్టం ఏం చెప్పిందో ముందు చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలని 21వ సెక్షన్ చెబుతుంది. బడి అభివృద్ధి ప్రణాళికను ఆ కమిటీయే తయారు చేయాలని, ప్రభుత్వం ఇచ్చే నిధులకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని 22వ సెక్షన్ చెబుతుంది. చాలా మంచి మాట. ఊరు కూర్చుని తన బడికి ఏం కావాలో తేల్చుకుంటే పైనుంచి అదే వస్తుందని అర్థం. అయితే కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో ఆ మూడేళ్ల ప్రణాళికలో ఏముండాలో చూడండి: తరగతివారీగా పిల్లల సంఖ్య అంచనా, అదనంగా ఎందరు టీచర్లు కావాలి, ఏ గదులు, ఏ సామాను కావాలి, దానికి ఎంత డబ్బు కావాలి. బడిలో చేరడమే పెద్ద సమస్యగా ఉన్న రోజుల ఆలోచన అది. పిల్లలకు ఏం వచ్చు అన్న ప్రశ్నకు ఆ జాబితాలో గడి లేదు. గడి లేనిది మేమూ రాయలేదు.

ఇక ఆచరణ సంగతి మా అందరికీ తెలిసిందే. రేపు సాయంత్రం లోపల పంపాలని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. పక్క ఊరి సారు నింపినది ఫోన్లో వస్తుంది. ఊరి పేరు, ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే యూడైస్ కోడ్, పిల్లల సంఖ్య మార్చి ప్రింటు తీస్తాం. కమిటీ చైర్మన్ పత్తి చేలో ఉంటే అక్కడికే రిజిస్టరు పంపి సంతకం పెట్టిస్తాం. ఇద్దరు టీచర్లం ఐదు తరగతులు చూసుకుంటూ, మధ్యాహ్న భోజనం లెక్కలు రాస్తూ, ఓటర్ల జాబితా పనికి వెళ్లి వస్తూ ఇంతకంటే ఎలా చేస్తామని అప్పట్లో నాకు నేను చెప్పుకునేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ పూర్తి నిజం కూడా కాదు. తీరిక దొరికినా అదే రాసేదాన్ని, ఎందుకంటే ప్రణాళిక అంటే వస్తువుల చీటీ అనే నా ఉద్దేశం కూడా.

తర్వాత శాలాసిద్ధి వచ్చింది. 2015 నవంబరులో ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన విశ్వవిద్యాలయం దీన్ని దేశమంతటికీ ప్రకటించింది. బడిని ఏడు రంగాల్లో, నలభై ఆరు ప్రమాణాల్లో చూడాలి. వనరులు, బోధన, పిల్లల ప్రగతి, టీచర్ల పనితీరు, నాయకత్వం, భద్రత-ఆరోగ్యం, ఊరివాళ్ల భాగస్వామ్యం. ప్రతి ప్రమాణంలోనూ మన బడి మూడు స్థాయుల్లో ఎక్కడుందో మనమే గుర్తించాలి. ఎక్కడ బాగుపడాలో ప్రాధాన్యం రాసుకుని ప్రణాళిక వేసుకోవాలి. ఆ పుస్తకం చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. మొదటిసారి ఎవరో బడి గురించి టీచరులా ఆలోచించారనిపించింది. మూడు సాయంత్రాలు కూర్చుని నిజాయితీగా నింపాను. పిల్లల ప్రగతి దగ్గర మొదటి స్థాయి పెట్టాను. అలా పెట్టవద్దని, ఆఫీసులో అడుగుతారని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఎవరూ అడగలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తిట్టినా బాగుండేది. నా బడిలో పిల్లలు వెనకబడ్డారని నేనే రాసి ఇస్తే, అది ఆన్‌లైన్‌లో ఎక్కిందా లేదా అని మాత్రమే ఫోన్ వచ్చింది.

ఇది నా ఒక్కదాని అనుభవమేమో అనుకున్నాను చాలాకాలం. 2020లో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మధ్యప్రదేశ్ బళ్ల మీద ఒక అధ్యయనం బయటపెట్టారు. శాలాసిద్ధి లాంటి కార్యక్రమాన్నే ఆ రాష్ట్రం ముందుగా మొదలుపెట్టింది. లాటరీ తీసినట్టు ఎంపిక చేసిన 1,774 బళ్లలో దాన్ని అమలు చేసి, మిగతా బళ్లతో పోల్చి చూశారు. బడిని అన్ని కోణాల్లో అంచనా వేయడం, రేటింగు ఇవ్వడం, ఆ బడికే ప్రత్యేకంగా అభివృద్ధి ప్రణాళిక రాయడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అంచనాలు దాదాపు అన్ని బళ్లలోనూ పూర్తయ్యాయి. రేటింగులు కూడా తప్పుడువి కావు, బడి స్థితిని సరిగ్గానే చెప్పాయి. అయినా బడి నడిచే తీరులో మార్పు లేదు. పిల్లల చదువులో మార్పు లేదు. కొంచెం కూడా లేదు. అయినా కార్యక్రమం విజయవంతమైందనే అనుకున్నారు. దేశంలో 6 లక్షలకు పైగా బళ్లకు విస్తరించారు. పెద్దఎత్తున సాగిన తర్వాత అదే రాష్ట్రంలో మళ్లీ చూస్తే అప్పుడూ ఫలితం కనిపించలేదు.

ఆ కాగితాలు చదువుతుంటే నా మూడు సాయంత్రాలు గుర్తొచ్చాయి. కింది స్థాయి ఉద్యోగులతో మాట్లాడి ఆ ఆర్థికవేత్తలు గమనించింది ఏమిటంటే, పని జరిగిందని కనిపించడమే అందరికీ ముఖ్యమైపోయింది, దాని వల్ల ఏమైనా మారిందా అన్నది ఎవరి బాధ్యతా కాలేదు. మేం ఆ మాట ఇలా అంటాం: "ఫార్మాట్ పోయింది, పని అయిపోయింది."

దీనికంటే ముందు మన దగ్గరే జరిగిన పని ఒకటుంది. అది మన టీచర్లలో చాలామందికి తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కొన్నేళ్ల పాటు ఐదు జిల్లాల గ్రామీణ ప్రైమరీ బళ్లలో పెద్ద ప్రయోగాలు నడిచాయి. ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి చేసిన పని. పరిశోధన చూసింది మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. అందులో ఒక భాగం నాకు నిద్ర పట్టనివ్వలేదు. వంద బళ్లలో ఏడాది మొదట్లో పిల్లలకు పరీక్ష పెట్టారు. ఏ పిల్ల ఎక్కడుంది, ఏ అంశంలో తడబడుతోంది అని టీచర్లకు వివరమైన రిపోర్టు ఇచ్చారు. దాన్ని ఎలా వాడుకోవాలో రాసి ఇచ్చారు. మధ్యమధ్యలో వచ్చి తరగతులు గమనించారు. అలా గమనించినప్పుడు ఆ టీచర్లు మిగతా బళ్ల టీచర్ల కంటే చురుగ్గా పాఠం చెబుతూ కనిపించారు. ఏడాది చివర పరీక్షలో మాత్రం ఆ పిల్లలకూ, ఏమీ ఇవ్వని బళ్ల పిల్లలకూ తేడా లేదు.

ఎవరైనా చూస్తుంటే మనం బాగా చెబుతాం. నేనూ అంతే. తనిఖీకి వస్తారని తెలిస్తే ముందురోజు చార్టులు అతికించిన రోజులున్నాయి. ఆ గంట నిజంగానే మంచి పాఠం చెబుతాం. కానీ పిల్లకు కావలసింది ఎవరూ చూడని నూట తొంభై రోజులు.

అవే ప్రయోగాల్లో ఇంకో గుంపు బళ్లలో, పిల్లల మార్కులు పెరిగినదాన్ని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చారు. అది సగటున ఏడాది జీతంలో 3 శాతం మించలేదు. ఆ బళ్లలో పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ ముందుకెళ్లారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. టీచర్ల హాజరు పెరగలేదు, కానీ వచ్చినవాళ్లు అదనపు క్లాసులు తీసుకున్నారు, ఎక్కువ అభ్యాసం చేయించారు. పైన చెప్పిన రిపోర్టే ఈ బళ్లకూ వెళ్లింది. ఇక్కడ మాత్రం అది పనికొచ్చిందన్న టీచర్ల పిల్లలకు మార్కులు కూడా పెరిగాయి.

టీచరుగా ఇది నాకు అంత తేలిగ్గా మింగుడుపడలేదు. డబ్బిస్తేనే పని చేస్తామా అని కోపం వచ్చింది. మా సహోద్యోగి సారుతో దీని మీద వారం రోజులు వాదించాను. చివరికి ఆయనే ఒక మాట అన్నారు: "మేడం, అక్కడ డబ్బు కంటే పెద్ద విషయం ఒకటుంది. ఆ పిల్ల చదువు ఎవరో ఒకరి లెక్కలోకి వచ్చింది." నాకిప్పుడు అదే సరైన అర్థం అనిపిస్తుంది. ఒకే రిపోర్టు ఒక బడిలో బీరువాలోకి వెళ్లింది, ఇంకో బడిలో టేబుల్ మీద ఉంది. టేబుల్ మీద ఉండడానికి ఒక కారణం కావాలి. బోనస్ ఒక కారణం. అదొక్కటే కారణమని నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో బిహార్ అనుభవం చూస్తే అర్థమవుతుంది.

పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థవాళ్లు పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వాళ్ల స్థాయిని బట్టి కూర్చోబెట్టి చదవడం నేర్పుతారు. పిల్లకు అక్షరాలు వచ్చా, పదాలు వచ్చా, పేరా చదువుతుందా, కథ చదువుతుందా అని ఐదు నిమిషాల్లో చూసి, ఆ మెట్టు దగ్గర మొదలుపెడతారు. బిహార్‌లో ఈ పద్ధతిని ప్రభుత్వ టీచర్లతో చేయించి చూశారు. వేసవి సెలవుల్లో అవే బళ్ల టీచర్లు నెల రోజులు క్యాంపు నడిపితే పిల్లలు ముందుకెళ్లారు. అదే పుస్తకాలు, అదే శిక్షణ ఇచ్చి బడి రోజుల్లో చేయమంటే పెద్ద ఫలితం రాలేదు. అలాంటి టీచర్లే, అలాంటి పిల్లలే, మార్కులతో ముడిపెట్టిన బోనస్ లేదు. నాకు కనిపించే పెద్ద తేడా సిలబస్ దగ్గరుంది. వేసవిలో పాఠాలు పూర్తి చేయాల్సిన పని లేదు. బడి రోజుల్లో ఆ పని ముందు నిలబడుతుంది, చదవడం రాని పిల్ల వెనక నిలబడుతుంది. తర్వాత 2012-13లో హర్యానాలో 400 ప్రైమరీ బళ్లలో ఇంకో రకంగా చేశారు. రోజూ ఒక గంట అచ్చంగా దీనికే కేటాయించారు. ఆ గంటలో తరగతి పుస్తకం తీయరు, పిల్లలు స్థాయిని బట్టి కూర్చుంటారు. పర్యవేక్షించే ఉద్యోగులకు కూడా ముందు ఆ పని నేర్పి, తర్వాత బళ్లకు పంపారు. హిందీ చదవడంలో పిల్లలు మెరుగయ్యారు. అదే ప్రయోగంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం, అదే మన సీసీఈ, అమలు చేసిన బళ్లనూ చూశారు. అక్కడ ఏ లాభమూ కనిపించలేదు.

సీసీఈ రికార్డులు రాసి చేతులు నొప్పి పుట్టినవాళ్లకు ఈ మాట ఎంత బరువైనదో తెలుస్తుంది. మధ్యమధ్యలో పెట్టే ఎఫ్ఏ పరీక్షలు, టర్ము చివర పెట్టే ఎస్ఏ పరీక్షలు, ప్రాజెక్టు పనులు, పరిశీలన రిజిస్టర్లు. ఆలోచన మంచిదే. పిల్లను గమనిస్తూ నేర్పమని చెప్పింది. మాకు మాత్రం గమనించినట్టు రాయడమే మిగిలింది, గమనించిన తర్వాత చేయడానికి సమయం ఇవ్వలేదు.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. మూల్యాంకనం పిల్ల పేరు దగ్గర మొదలవ్వాలి, టైంటేబుల్‌లో ఒక గంట దగ్గర ఆగాలి. ఆ పిల్లకు ఏం రాదో చెప్పి, ఆమెకు నేర్పడానికి ఎవరి సమయం, ఏ పని ఆపి, ఎన్ని వారాలు ఇస్తున్నామో చెప్పని ప్రణాళిక ఎంత అందంగా ఉన్నా బడికి అక్కరకు రాదు.

మార్కుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కొలవడం సరిగ్గా లేకపోతే పైన చెప్పిందంతా కూలిపోతుంది. అభిజీత్ సింగే చేసిన మరో పనిలో, మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వ పరీక్ష రాసిన పిల్లలకే తర్వాత మళ్లీ విడిగా పరీక్ష పెడితే, రికార్డుల్లో ఉన్న మార్కులకూ నిజంగా వచ్చిన మార్కులకూ పొంతన కుదరలేదు. రికార్డుల్లో చాలా ఎక్కువున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2,400కు పైగా బళ్లలో చేసిన ప్రయోగంలో, కాగితం మీద పెట్టిన పరీక్షల్లో ఉబ్బిన మార్కులు ట్యాబ్‌ల మీద పెడితే బాగా తగ్గాయి. ఆ పరీక్షల వల్ల ఏ టీచరుకూ శిక్ష లేదు, బహుమతి లేదు. అయినా పెంచారు. ఎందుకు? తక్కువ వేస్తే అడుగుతారనే భయం, బోర్డు మీద సమాధానం రాసేస్తే అందరికీ సుఖం అనే అలవాటు.

2022 జులైలో నాకు అది నా బడిలోనే ఎదురైంది. కరోనాకు 2020 మార్చిలో మూసిన బళ్లు విడతలు విడతలుగా తెరుచుకుని, మళ్లీ మూసుకుని, ఆ ఏడాది మామూలుగా మొదలయ్యాయి. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు 41 మంది. ఒక్కొక్కరినీ వరండాలో నా పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. నాలుగు రోజులు పట్టింది. ఐదో తరగతి అమ్మాయి ఒకతి, తరగతిలో చేతిరాత అందరికంటే బాగుంటుంది. రెండో తరగతి స్థాయి కథ ముందు పెడితే, కాసేపు చూసి నవ్వింది. మళ్లీ చదవమంటే "టీచర్, రాసుకొస్తా" అంది. బోర్డు మీదది చూసి రాయడం ఆ పిల్లకు బాగా వచ్చు. చదవడం రాదు. రిజిస్టరు తీసి చూశాను. అంతకుముందు ఏడాది తెలుగులో ఆ పిల్లకు 'ఏ' (A) గ్రేడు ఉంది. ఆ గ్రేడు వేసింది నేనే.

41 మందిలో కథ చదివినవాళ్లు 14 మంది. పేరా దగ్గర ఆగినవాళ్లు 10. పదాల దగ్గర 11. అక్షరాల దగ్గరే ఉన్నవాళ్లు 6. ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వేలు వచ్చినప్పుడు పేపర్లో చదివి, ఐదో తరగతిలో సుమారు సగం మందికి రెండో తరగతి పాఠం చదవడం రాదంటే ఎక్కడో ఉత్తరాది సంగతి అనుకునేదాన్ని. మా వరండాలోనూ లెక్క దాని దగ్గరలోనే తేలింది.

ఆ తర్వాతి వారం కమిటీ మీటింగు పెట్టాం. మామూలుగా సంతకాలతో అయిపోయే మీటింగు అది. ఈసారి ప్రతి తల్లికీ విడిగా పక్కకు పిలిచి చెప్పాను. ఆ ఐదో తరగతి అమ్మాయి తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గిన్నేండ్లాయె మేడం, ముందుగాలనే చెప్పకపోతిరి. రోజు బడికి పంపుతుంటి గద" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె పంపింది. తన వంతు పని పూర్తిగా చేసింది.

తల్లిదండ్రులకు చెబితే చాలు, వాళ్లే అడిగి చేయిస్తారని కొందరు అంటారు. అది కూడా పరీక్షకు నిలవలేదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 2005-06లో ఊళ్లలో సభలు పెట్టి, పిల్లల చదువు ఎలా ఉందో చూపించి, కమిటీ హక్కులేమిటో చెప్పారు. బళ్లలో ఏమీ మారలేదు. కొన్ని ఊళ్లలో మాత్రం వీటితో పాటు ఊరి యువతకు చదవడం నేర్పే పద్ధతి నేర్పి, సాయంత్రం క్లాసులు పెట్టించారు. ఆ క్లాసులకు వచ్చిన పిల్లలు బాగుపడ్డారు. మాట తెలిసినంత మాత్రాన సరిపోదు, ఆ మాట విన్నవాళ్ల చేతికి చేయదగ్గ పని కూడా అందాలి.

మేం ఏం చేశామంటే, పొద్దున ప్రార్థన తర్వాత మొదటి గంట మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల్ని స్థాయిని బట్టి మూడు గుంపులు చేశాం. నేనొక గుంపు, సారు ఒక గుంపు. ఊళ్లో డిగ్రీ చదివి, విద్యా వలంటీరుగా చేసి, 2020 తర్వాత మళ్లీ తీసుకోక ఇంటి దగ్గరే ఉన్న అమ్మాయి ఉంది. నెలకు కొంత నేనూ సారూ వేసుకుని ఆమెను పిలిచాం. పెద్ద పిల్లలు చదువుతుంటే ఒకటి, రెండు తరగతుల వాళ్లు ఆటవస్తువులతో, బొమ్మల పుస్తకాలతో అదే హాల్లో పక్కన ఉండేవాళ్లు. అదే ఏడాది ఆగస్టులో మన తెలంగాణలో తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలైంది. పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి అక్కడినుంచి నేర్పమని ప్రభుత్వమే చెప్పడం మాకు ధైర్యాన్నిచ్చింది. దాని ఫార్మాట్లు కూడా త్వరగానే పెరిగిపోయాయి కానీ, ఆ దిశ సరైనదని నేను గట్టిగా నమ్ముతాను.

ఏం ఆపామో చెప్పడం ఇంకా ముఖ్యం. ఆ టర్ములో పరిసరాల విజ్ఞానంలో మూడు పాఠాలు వదిలేశాం. తెలుగు వాచకంలో కొన్ని పాఠాలు చదివి వినిపించి ముగించాం, ప్రశ్నజవాబులు రాయించలేదు. అట్టలు అతికించే ప్రాజెక్టు పనులు పూర్తిగా మానేశాం. చుట్టుపక్కల బళ్ల టీచర్లందరం కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఒక అధికారి సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందని అడిగారు. చెప్పాను. అందరి ముందు గట్టిగా మాట్లాడారు. పిల్లల పేర్లున్న నా రిజిస్టరు ఆయన ముందు పెట్టాను, తెరవలేదు. ఆ రోజు ఇంటికొచ్చి చాలా టెన్షన్ పడ్డాను. అయినా మరుసటి రోజు పొద్దున మొదటి గంట మొదటి గంటలాగే జరిగింది.

అక్టోబరు నుంచి పత్తి ఏరడం మొదలవుతుంది. పెద్ద పిల్లల్లో కొందరు వారాల తరబడి రారు. ఇది మా ఊళ్లో ప్రతి ఏడాదీ జరిగేదే, కానీ నా నాలుగు ప్రణాళికల్లో ఒక్కదానిలోనూ పత్తి అనే మాట లేదు. ఈసారి ముందే లెక్కలోకి తీసుకుని, జనవరిలో వెనకపడినవాళ్లకు మళ్లీ మొదటినుంచి ఆరు వారాలు పెట్టుకున్నాం. మార్చిలో మళ్లీ వరండాలో కూర్చున్నాం. కథ చదివినవాళ్లు 26 మంది. పేరా దగ్గర 9, పదాల దగ్గర 5, అక్షరాల దగ్గర ఒక్కడు. ఆ ఒక్కడు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తల్లిదండ్రులతో వలస వెళ్లాడు.

ఈ అంకెలు రుజువు అని నేను అనడం లేదు. ఎనిమిది నెలల్లో పిల్లలు ఎలాగూ కొంత ఎదుగుతారు. మా పక్కన, ఇవేమీ చేయని అలాంటి బడి ఒకటి పెట్టుకుని పోల్చలేదు. చదివించి చూసిందీ నేనే, కాబట్టి నాకు తెలియకుండానే కొంత ఉదారంగా చూసి ఉండవచ్చు. పెద్ద అధ్యయనాల్లో బళ్లను లాటరీ తీసి విడగొట్టేది ఈ అనుమానాలు తీర్చడానికే. నా అంకెలతో నాకు దక్కింది వేరే. ఎవరితో ఇంకా పని మిగిలిందో వాళ్ల పేర్లు తెలిశాయి.

నిధుల మాట ఎత్తకుండా ఉండలేను. భవనాలు, నీళ్లు, గదులు పిల్లల గౌరవానికి సంబంధించినవి. ఆంధ్రలో 2019లో మొదలైన నాడు-నేడు, మన దగ్గర 2022లో వచ్చిన మన ఊరు-మన బడి లాంటివి ఆ లోటు కొంతైనా తీర్చాయి. ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేని బడిలో చదువు గురించి మాట్లాడటం అన్యాయం. అయితే డబ్బు వస్తే చదువు దానంతటదే వస్తుందనుకోవద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రయోగాల్లోనే కొన్ని బళ్లకు పిల్లకు 125 రూపాయల చొప్పున అదనపు గ్రాంటు ఇచ్చారు. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు నోటు పుస్తకాలకూ వాటికీ తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు, మార్కుల్లో పెరుగుదల లేదు. తల్లిదండ్రులు చేసింది తప్పు కాదు. మిగిలిన ఆ డబ్బు ఇంట్లో ఇంకేదో అవసరానికి పనికొచ్చి ఉంటుంది. కానీ ప్రణాళిక వేసేవాళ్లకు తెలియాల్సిన విషయం అది: బడికి ఇచ్చేది, ఇంట్లో ఖర్చయ్యేది ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి.

పేర్లు రాస్తే పిల్లలకు అవమానం కదా అని ఒక తోటి టీచరు అడిగింది. నిజమే, గోడమీద అతికిస్తే అవమానమే. మా రిజిస్టరు టీచర్ల బల్ల సొరుగులో ఉంటుంది, తల్లికి తన పిల్ల వరుస మాత్రమే చూపిస్తాం. ఈ అంకెలు చూసి మమ్మల్ని శిక్షిస్తే ఎలా అని ఇంకొకరు అడిగారు. ఈ భయం కొట్టిపారేసేది కాదు. నిజం చెప్పిన బడికి మెమో, అబద్ధం రాసిన బడికి అభినందన వచ్చే చోట ఎవరూ నిజం చెప్పరు. అందుకే జులైలో వచ్చిన అంకెకు టీచరును జవాబు అడగకూడదు, టీచరుకు ఏం కావాలో అడగాలి. ఆ సాయం ఇచ్చాక మార్చిలో ఏం చేశారని అడిగితే, నేను జవాబు చెప్పడానికి సిద్ధం.

ఐదో ప్రణాళిక ఇప్పుడు నా ముందు ఉంది. మొదటి పేజీకి ముందు ఒక తెల్ల కాగితం జత చేశాను. అందులో 17 మంది పేర్లు, ఒక్కొక్కరి ఎదురుగా ఏ మెట్టు, ఎవరు నేర్పుతారు, ఏ గంటలో, డిసెంబరులో పత్తికి వెళ్లే అవకాశం ఉందా. కింద వదిలేస్తున్న పాఠాల జాబితా, దాని కింద నా సంతకం, సారు సంతకం. కమిటీలో ఆరుగురు తల్లులు చదివించుకుని విన్నాక సంతకం పెట్టారు. ఇద్దరు వేలిముద్ర వేశారు. వాళ్లలో ఒకామె తన కూతురి పేరు ఎక్కడుందో వేలితో చూపించమంది. చూపించాను. మా చుట్టుపక్కల బళ్లు చూసే సీఆర్పీ సారు గురువారం వస్తానన్నారు. ఫైలు చూసేముందు ఈ కాగితంలోంచి తనకు నచ్చిన ఐదుగురిని పిలిచి చదివించమని ఆయనకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. సరే మేడం, అన్నారు.